మూరెడు గొట్టం

పిల్లలూ, చెరువు కట్టలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఏది?

ఈ ప్రశ్న తరగతిలో అడిగితే చాలామంది "కట్ట నడుమ భాగం" అంటారు. నీళ్లు ఎక్కువ లోతుగా ఉండేది అక్కడే గనుక ఆ జవాబులో కొంత నిజం లేకపోలేదు. కాని చెరువును కనిపెట్టి ఉండే పెద్దలను అడిగి చూడండి. వారు ముందుగా తూము పేరు చెబుతారు. కట్ట అంతా మట్టి. తూము రాయి. మట్టీ రాయీ కలిసేచోట వెంట్రుకవాసి సందు ఏర్పడితే చాలు, నీరు ఆ సందు వెంట మెల్లగా మట్టిని కడిగివేస్తుంది. సందు కాస్తా కంత అవుతుంది, కంత కాస్తా గండి అవుతుంది.

మన వరంగల్లు సీమలో రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంలో కట్టినవి. రామప్ప గుడి శాసనం 1213వ సంవత్సరం నాటిది. ఎనిమిది వందల సంవత్సరాలు గడిచినా ఆ చెరువుల కింద నేటికీ పంట పండుతున్నది. అంటే ఆ నాటి మేస్త్రీలు కట్టను ఎంత గట్టిగా వేశారో, మట్టీ రాయీ కలిసే అతుకులను కూడా అంత జాగ్రత్తగా చూసుకున్నారన్నమాట.

ఇప్పుడు చెరువును విడిచి మన ఇంట్లోకి వద్దాం. ఇంట్లో కూడా ఒక చిన్న చెరువు ఉన్నది. అది డాబా మీది నీళ్ల ట్యాంకీ. దానికి కట్ట ఉన్నది, తూములున్నవి, అతుకులు కూడా ఉన్నవి. ఆ అతుకుల్లో ఒకదాన్ని గురించే ఈ వ్యాసం.

చేతులు కడుక్కునే వాష్ బేసిన్ కిందికి వంగి చూడండి. గోడలో నుంచి వచ్చిన యాంగిల్ కాక్‌కూ, పైనున్న నల్లాకూ మధ్య వెండిలా మెరిసే ఒక సన్నని గొట్టం కనిపిస్తుంది. దానిని చేత్తో వంచితే వంగుతుంది. ప్లంబరు దానిని "కనెక్షన్ పైపు" అంటాడు. దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేది 18 అంగుళాల పొడవుది, అనగా సరిగ్గా ఒక మూర. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు దగ్గర ఒకటి, గీజరు దగ్గర రెండు, వంటింటి సింకు కింద ఒకటో రెండో, ఇలా లెక్కపెడితే ఒక్కొక్క ఇంట్లో అయిదారు మూరెడు గొట్టాలు తేలుతవి.

గోదావరి నుంచి గోడ దాకా

ఈ గొట్టంలోకి వచ్చే నీరు ఎంత దూరం నుంచి వస్తున్నదో తెలుసునా? నిజామాబాదు సీమలో పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరామసాగర్ ప్రాజెక్టు ఉన్నది. దానికి 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ కరీంనగరు దగ్గరి దిగువ మానేరు జలాశయం మీదుగా మన వైపుకు వస్తుంది. ఆ నీరు ధర్మసాగరం చెరువులో చేరుతుంది. తరువాత శుద్ధి కేంద్రంలో తేటపడి, క్లోరిన్ కలిపించుకుని, ఎత్తయిన ట్యాంకులెక్కి, వీధి గొట్టాల్లో దిగి, మీ ఇంటి సంపులో పడుతుంది. అక్కడి నుంచి మోటారు దానిని డాబా మీదికి నెడుతుంది.

ఇంత దూరం వచ్చిన నీరు చివరకు నల్లాలో పడేముందు దాటవలసింది ఆ ఒక్క మూరెడు దూరమే. దారి పొడుగునా కాలువలు, ఆనకట్టలు, ఇనుప గొట్టాలు కాపాడిన నీటిని ఆ చివరి మూరెడు గొట్టం పారబోసిందంటే వెనుకటి శ్రమ అంతా వృథా.

వంగని గొట్టంతో వచ్చిన చిక్కు

గోడ నుంచి నల్లా దాకా మామూలు గట్టి గొట్టమే వేయవచ్చును కదా, ఈ వంగే గొట్టం ఎందుకు అని మీరు అడగవచ్చును. నిజమే, పూర్వం అలాగే వేసేవారు. కాని గోడలోని గొట్టం మూతి ఒకచోట, బేసిన్ మీది నల్లా అడుగు మరొకచోట ఉంటుంది. ఆ రెండూ ఎన్నడూ ఒకే గీత మీద ఉండవు. అర అంగుళం ఇటో అటో తప్పుతుంది. గట్టి ఇనుప గొట్టమయితే దానిని సరిగ్గా కొలిచి, కోసి, కొనలకు మరలు తీసి, వంపు ముక్కలు తగిలించాలి. కొలత కాస్త తప్పితే బలవంతంగా లాగి బిగిస్తారు. అలా లాగి బిగించిన గొట్టం ఎల్లప్పుడూ తన్నుకుంటూనే ఉంటుంది. కొన్నాళ్లకు అతుకు వదులై కారుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. గీజరులో నీరు వేడెక్కినప్పుడు లోహం కొంచెం సాగుతుంది, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది. బట్టలుతికే యంత్రం తిరుగుతున్నప్పుడు అదురుతుంది. వంగని గొట్టం ఈ సాగుడునూ అదురునూ తట్టుకోలేదు. వంగే గొట్టమయితే వెదురు గడలాగా సర్దుకుపోతుంది.

పాతకాలంలో ఈ పనికి సీసపు గొట్టం వాడిన దేశాలున్నవి. సీసం మెత్తని లోహం, చేత్తోనే వంచవచ్చును. రోమనులు తమ నగరాల్లో నీటికి సీసపు గొట్టాలు వేశారు. లాటిన్ భాషలో సీసాన్ని "ప్లంబమ్" అంటారు. సీసంతో పనిచేసేవాడు గనుక అతనికి "ప్లంబరు" అని పేరు వచ్చింది. రసాయన శాస్త్రంలో సీసానికి "పిబి" అని గుర్తు రాయడం కూడా ఆ మాటను బట్టే. అయితే సీసం విషం. కొంచెం కొంచెంగా ఒంట్లో చేరినా పసిపిల్లల మెదడుకు కీడు చేస్తుంది. అందుచేత తాగే నీటికి సీసపు గొట్టాలు వేయడం మానివేశారు. సీసం పోయింది గాని ప్లంబరు అనే పేరు నిలిచిపోయింది!

తోలు గొట్టం, నగల గొలుసు

వంగే గొట్టం కథ నిప్పుతో మొదలయింది. 17వ శతాబ్దంలో హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఇళ్లు తగలబడినప్పుడు జనం బక్కెట్లతో నీళ్లు చల్లడం చూసి, ఇది చాలదనుకున్నాడు. 1670ల కాలంలో అతడు తన సోదరునితో కలిసి తోలును గొట్టంగా కుట్టించి నీటి పంపుకు తగిలించాడు. దానితో మంటల దగ్గరికే నీటిని తీసుకుపోవడం సాధ్యమయింది. కాని తోలు ఎండితే బీటలువారుతుంది, తడిస్తే కుళ్లుతుంది, కుట్టు దగ్గర కారుతుంది.

తరువాత రబ్బరు వచ్చింది. అయితే పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ రెండు దోషాలూ పోతవని కనిపెట్టాడు. దానితో రబ్బరు గొట్టం పనికివచ్చే వస్తువయింది.

1885లో జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో హైన్రిఖ్ విట్సెన్‌మన్ అనే ఆయనా, లెవవస్సర్ అనే ఫ్రాన్సు దేశస్థుడూ కలిసి లోహంతోనే వంగే గొట్టం చేశారు. ఫోర్ట్స్‌హైమ్ నగల పనికి పేరుపొందిన ఊరు. మెడలో వేసుకునే గొలుసు లోహమే అయినా దారంలా వంగుతుంది గదా! సన్నని లోహపు పట్టీని ఒకదానిలో ఒకటి కొక్కెంలా పట్టుకునేటట్టు చుట్టితే గొట్టం కూడా అలాగే వంగుతుందని వారు గ్రహించారు. ఈ విధంగా కంసాలి తెలివి నీటి గొట్టానికి పనికివచ్చింది.

చివరగా 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును కరిగించాడు. దానినే స్టెయిన్‌లెస్ స్టీలు అంటున్నాము. మీ అన్నం గిన్నె, మీ బేసిన్ కింది గొట్టం మీది తీగలు, రెండూ ఆ జాతి ఉక్కే.

జడలో ఉన్న బలం

ఇప్పుడు మన మూరెడు గొట్టంలో ఏమున్నదో చూద్దాం. లోపల రబ్బరు గొట్టం ఉంటుంది. మంచి రకాల్లో అది వేడినీటికి తట్టుకునే ఈ.పి.డి.ఎం. అనే రబ్బరు. దాని మీద సన్నని ఉక్కు తీగలతో జడలాగా అల్లిన తొడుగు ఉంటుంది. రెండు కొనల్లోనూ ఇత్తడి నట్టు, దానిలో ఒక రబ్బరు వాచరు ఉంటవి. తొడుగూ రబ్బరూ నట్టు మొదట్లో ఒక లోహపు ఉంగరం కింద నొక్కివేయబడి ఉంటవి. ఇత్తడి అంటే రాగీ యశదమూ కలిసిన లోహం. మన జనగామ దగ్గరి పెంబర్తి పనివారు బొమ్మలు చేసేది దానితోనే.

నీరు రబ్బరును అన్ని వైపులా బయటికి నెడుతూ ఉంటుంది. ఎంత బలంతో? లెక్క వేద్దాం. నీటి ఎత్తు 10 మీటర్లయితే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. ట్యాంకీలోని నీరు బేసిన్‌కన్నా 6 మీటర్లు ఎత్తున ఉన్నదనుకోండి. అప్పుడు చదరపు సెంటీమీటరుకు 0.6 కిలో. ఇది కొంచెమే గదా అనిపిస్తుంది. కాని గొట్టం లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు, పొడవు 45 సెంటీమీటర్లు అయితే లోపలి గోడ వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. దానిని 0.6తో హెచ్చవేయండి. అన్ని వైపులకూ నెట్టే బలాలను కూడితే సుమారు 68 కిలోలు! ఒక పెద్దమనిషి బరువును ఆ సన్నని గొట్టం రాత్రింబగళ్లు మోస్తున్నదన్నమాట. పది అంతస్తుల మేడలో కింది ఇంటికి నీటి ఎత్తు 30 మీటర్లు కావచ్చును. అక్కడ ఈ బలం అయిదు రెట్లు.

ఒట్టి రబ్బరు ఈ బలానికి బుడగలా ఉబ్బిపోయి పగిలిపోతుంది. దానిని ఉబ్బనీయకుండా పట్టి ఉంచేది పైనున్న జడ. దీనిని మీరే పరీక్షించవచ్చును. వెల్లుల్లి అమ్మే వల సంచీ ఒకటి తీసుకుని, అందులో ఒక బెలూను పెట్టి ఊదండి. బెలూను వల నిండేదాకా ఉబ్బుతుంది, ఆ తరువాత ఎంత ఊదినా వల దానిని పెరగనీయదు. వల లేకుండా ఊదిన బెలూను అంత గాలికే పగిలిపోవచ్చును.

మన కొత్తవాడలో తివాచీలు నేసేవారిని చూసినవారికి ఒక సందేహం కలగవచ్చును. వారు నిలువు పోగులూ అడ్డం పోగులూ వేసి నేస్తారు. గొట్టం మీది తీగలు మాత్రం వాలుగా ఎందుకున్నవి? నిలువుగా అడ్డంగా నేసిన తొడుగు అయితే గొట్టాన్ని వంచనీయదు. వాలుగా అల్లిన జడలో తీగలు ఒకదాని మీద ఒకటి జరుగుతవి, అందుచేత వంగుతుంది. పైగా గొట్టంలో చుట్టూ నెట్టే బలం, పొడుగునా లాగే బలానికి రెట్టింపు ఉంటుంది. తీగలు గొట్టం పొడవుతో సుమారు 55 డిగ్రీల కోణంలో ఉంటే ఈ రెండు బలాలనూ సరిగ్గా పంచుకుంటవి. అప్పుడు గొట్టం పొడుగు సాగదు, లావు ఉబ్బదు. మీ వద్ద కోణమానిని ఉంటే గొట్టం మీద పెట్టి తీగల వాలును కొలిచి చూడండి.

నట్టు దగ్గర జరిగినది

ఇంత గట్టి గొట్టం పగులుతుందా? పగులుతుంది. హనుమకొండలో మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను. ఒక మేడారం జాతరకు పై ఇంటివారు తాళం వేసుకుని మూడు రోజులకని వెళ్లారు. రెండవనాటి తెల్లవారుజామున వారి బేసిన్ కింది గొట్టం పగిలింది. ట్యాంకీలోని నీరంతా ఇంట్లోకి వచ్చింది. వారి మోటారు దానంతట అదే నడిచేది. ట్యాంకీ ఖాళీ అయినప్పుడల్లా అది సంపు నుంచి నీటిని మళ్లీ పైకి నెట్టింది. ఆ నీరు కూడా ఇంట్లోకే వచ్చింది.

కింది వాటాలో పదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నవి. పైకప్పు నుంచి కారిన నీటిలో ఆమె పుస్తకాలూ, ఏడాది పొడుగునా రాసుకున్న నోట్సూ తడిసి ముద్దయినవి. సిరా అంతా కలిసిపోయింది. ఆ పిల్ల తడి కాగితాలను ఒక్కొక్కటిగా విడదీసి దండెం మీద ఆరవేస్తూ ఏడ్చింది. తోటి పిల్లలు తమ నోట్సు తెచ్చి ఇచ్చి, ఆదివారాలు ఆమెతో కూర్చుని రాయించారు. ఆమె పరీక్ష గట్టెక్కింది. కాని ఆ నెల రోజులూ ఆ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్రలేదు.

ప్లంబరు వచ్చి పగిలిన గొట్టాన్ని ఊడదీసి నాకు చూపించాడు.

"చూడున్రి సారూ, నడుమ పలగలేదు. నట్టు కాడనే పోయింది" అన్నాడు.

"తుప్పు పట్టని ఉక్కు అంటారు కదా, మరి ఈ తీగలు ఇట్లా ఎందుకు తెగినయి?" అని అడిగాను.

అతడు బేసిన్ కింద చూపించాడు. అక్కడ మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా, మూత సరిగా లేని బ్లీచింగు పౌడరు డబ్బా ఉన్నవి. "ఆ వాసనే తీగలను తిన్నది సారూ" అన్నాడు.

అతని మాట సైన్సుకు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో నూటికి పదిన్నర వంతులకు తక్కువ కాకుండా క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలిలోని ఆమ్లజనితో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. తుప్పును ఆపేది ఆ పొరే. కాని క్లోరిన్‌కు సంబంధించిన లవణాలూ ఆమ్లాలూ ఆ పొరను అక్కడక్కడ చిల్లులు పొడుస్తవి. నట్టు మొదట్లో తేమ నిలుస్తుంది, తీగలు వంపు తిరిగి బిగుసుకుని ఉంటవి. అందుచేత తుప్పు ముందుగా అక్కడే పడుతుంది. తీగలు ఒక్కొక్కటే తెగుతవి. తగినన్ని తెగిన తరువాత రబ్బరు ఆ సందులోంచి బుడగలా పొంగి ఒకనాడు పగులుతుంది. చెరువుకు తూము ఎట్లాగో గొట్టానికి నట్టు మొదలు అట్లాగు.

మరొక కారణం కూడా ఉన్నది. నల్లాను టక్కున కట్టినప్పుడు గోడలో "ఠక్" అని చప్పుడు వినిపించడం మీరు గమనించే ఉంటారు. పరుగెత్తే నీటిని ఒక్కసారిగా ఆపితే, హఠాత్తుగా ఆగిన రైలుపెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టు, నీరు గొట్టాన్ని గుద్దుతుంది. ఆ క్షణంలో ఒత్తిడి మామూలుకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీనిని రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు నికొలాయ్ జుకోవ్‌స్కీ 19వ శతాబ్దం చివర మాస్కో నగర నీటి గొట్టాల మీద పరీక్షలు చేసి లెక్కకట్టాడు. అందుచేత నల్లాను మెల్లగా కట్టాలి.

నీటి లెక్క

పగిలిన గొట్టం నుంచి నిమిషానికి 10 లీటర్ల నీరు పోతుందనుకుందాం. 1000 లీటర్ల ట్యాంకీ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? 100 నిమిషాల్లో, అంటే గంటా నలభై నిమిషాల్లో. మిషన్ భగీరథ పథకంలో నగరవాసికి రోజుకు 150 లీటర్ల చొప్పున నీరు ఇవ్వాలని లెక్కవేశారు. ఆ ప్రకారం ఆ ట్యాంకీ నీరు ఆరుగురికి ఒక రోజుకు సరిపోయి ఇంకా మిగులుతుంది.

పగలడం ఒకనాటి ముచ్చట. చుక్కచుక్కగా కారడం ప్రతినాటి ముచ్చట. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు, అనగా 4 లీటర్ల 320 మిల్లీలీటర్లు. ఏడాదికి సుమారు 1,577 లీటర్లు! ఒకటిన్నర ట్యాంకీల నీరు ఒక చిన్న వాచరు సందులో నుంచి పోయిందన్నమాట.

బిగించే పద్ధతి

ఈ భాగం ముఖ్యంగా తల్లిదండ్రులకు. పిల్లలు పక్కన నిలబడి చూడవచ్చును, పానా అందించవచ్చును. గీజరు గొట్టాలను మాత్రం పిల్లలు ముట్టరాదు. పెద్దలు కూడా ముందు కరెంటు కట్టివేసి, నీరు చల్లారిన తరువాతనే ముట్టాలి.

కొత్త గొట్టం కొనేటప్పుడు పొడవు ముందుగా కొలుచుకోండి. పొట్టి గొట్టాన్ని లాగి బిగించరాదు. మరీ పొడుగుదాన్ని మెలికలు తిప్పరాదు. చేతిలో వంకీలా నిదానంగా వంగి ఉండాలి. రెండు గొట్టాలను ఒకదానికొకటి తగిలించి పొడుగు చేసుకోవడం మంచిది కాదు, ఒక అతుకు అదనంగా పెరుగుతుంది. గీజరుకయితే వేడినీటికి తగినదని రాసి ఉన్న గొట్టాన్నే అడిగి తీసుకోవాలి. నట్టును అరచేతిలో పెట్టుకుని చూడండి. ఇత్తడి నట్టు బరువుగా ఉంటుంది, మెరుగు పూసిన ప్లాస్టిక్కు నట్టు తేలికగా ఉంటుంది.

యాంగిల్ కాక్ కట్టి, పైనున్న నల్లాను విప్పి ఒత్తిడిని వదిలించండి. కింద బక్కెట్టు పెట్టి పాతదానిని విప్పండి. కొత్త నట్టులో వాచరు చదునుగా కూర్చున్నదో లేదో చూడండి. తరువాత నట్టును చేత్తోనే తిప్పండి. మర అడ్డంగా ఎక్కకుండా సాఫీగా పోవాలి. చేత్తో బిగిసిన తరువాత పానాతో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు చాలు. గొట్టం నట్టుతోపాటు మెలి తిరగకుండా రెండవ చేత్తో పట్టుకోవాలి.

ఎంత బిగిస్తే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ నీటిని ఆపేది మర కాదు, వాచరు. వాచరును కొంచెం నొక్కితే అది సందును నింపుతుంది. మరీ నొక్కితే చీలిపోతుంది, లేదా నట్టు పగులుతుంది. ఆ కారణం చేతనే వాచరున్న నట్టు లోపల మరల మీద తెల్లని టేపు చుట్టవలసిన పని లేదు.

ఇప్పుడు కాక్‌ను మెల్లగా విప్పండి. నట్టు చుట్టూ పొడి వార్తాపత్రిక ముక్కను అద్దండి. తడి ఉంటే కాగితం మీద మచ్చ పడుతుంది. గంట తరువాత ఒకసారి, మరునాడు ఒకసారి ఇలాగే చూడండి.

ఈ నీటి గొట్టాన్ని ఎన్నడూ వంట గ్యాసుకు వాడరాదు. గ్యాసుకు సురక్షా గొట్టమని వేరే ఉన్నది. అది అయిదేళ్లకు ఒకసారి మార్చవలసినది. నీటి గొట్టాలను కూడా అయిదు నుంచి పదేళ్ల లోపల, చెడకపోయినా మార్చడం మంచిది. లోపలి రబ్బరు మెల్లగా గట్టిపడుతుంది, అది పైకి కనిపించదు.

మీరు చేయవలసిన పని

ఈ ఆదివారం ఒక నోటుపుస్తకమూ, ఒక టార్చిలైటూ తీసుకోండి. నాన్ననో అమ్మనో వెంట పిలుచుకుని ఇంట్లోని మూరెడు గొట్టాలన్నీ వెతకండి. ఒక్కొక్కదానికి ఒక వరుస రాయండి. ఎక్కడ ఉన్నది, నట్టు మొదట్లో ఎర్రని మచ్చ గాని, తెల్లని సున్నపు పొర గాని ఉన్నదా, తీగ ఏదైనా లేచి గుచ్చుకుంటున్నదా, ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తున్నదా, కాగితం తడిసిందా? తీగలు గుచ్చుకోవచ్చును గనుక వేలితో తడమకుండా కంటితోనే చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గొట్టాన్ని మార్పించండి. మార్చిన గొట్టానికి ఒక చిన్న చీటీ కట్టి దాని మీద నెలా సంవత్సరమూ రాయండి. పక్కన యాసిడ్ సీసాలుంటే అమ్మకు చెప్పి వేరేచోట, మూతలు గట్టిగా పెట్టి ఉంచండి.

ఒక లెక్క కూడా చేయండి. రెండు సెకన్లకు ఒక చుక్క చొప్పున కారే నల్లా నుంచి వేసవి సెలవుల 45 రోజుల్లో ఎన్ని లీటర్ల నీరు పోతుంది? మీ ఇంట్లో ఒక బిందెలో ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, ఆ నీరు ఎన్ని బిందెలవుతుందో రాయండి.

ఇకమీదట ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్లేటప్పుడు తాళం వేసే ముందు మోటారు స్విచ్చి కట్టి, ట్యాంకీ కింది వాల్వు కూడా కట్టండి. ఆ వాల్వు ఎక్కడ ఉన్నదో, అది ఎటు తిప్పితే కట్టుకుంటుందో ఇంట్లో అందరికన్నా చిన్నవారికి కూడా తెలిసి ఉండాలి. నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద ఆ సంగతే రాసిపెట్టండి.